రైక్ వైద్యుడును గ్రంథదహనమును

1956 ఆగష్టు 23వ తేదీన న్యూయార్కు నగరమున చెత్తను గాల్చు కొలిమిలో నొక వైద్యుని గ్రంథములును పత్రికలును టన్నులకొలది దగ్ధము చేయబడెను. చేయించినది న్యాయస్థానపు టాజ్ఞ. ఆ వైద్యుడు విల్హెల్మ్ రైక్. అంతకు బూర్వము జర్మనీలో నాజీ ప్రభుత్వము సైత మాయన గ్రంథములను నిషేధించియుండెను. ఒకటి నియంతృత్వము, మఱొకటి ప్రజాప్రభుత్వము. ఈ విషయమున మాత్రము రెంటికిని పొత్తు కుదిరినది.

రైక్ 1897లో ఆస్ట్రియా సామ్రాజ్యమునకు జేరిన గలీషియాలో జన్మించెను. 1922లో వియన్నాలో వైద్యపట్టము నొందునాటికే ఫ్రాయిడ్ పండితుని మనోవిశ్లేషణ సంఘమున సభ్యుడు. ఆ యేటనే బీదలకై తెఱచిన చికిత్సాలయమున పనికి గుదిరి, కూలిజనుల మనోవ్యాధులకు ఇరుకుగదులును, లేమియు, అక్కఱలేని గర్భమును గూర్చిన భయమును గూడ కారణములని గ్రహించెను. ధనికులను మాత్రమే పరీక్షించు వైద్యున కీ సంగతి తోచదు.

ఆయన ముఖ్యమైన యూహ శరీరమును గూర్చినది. రోగి నోటితో జెప్పున దొకటి. బిగించిన దవడయు, బిగబట్టిన యూపిరియు, కొయ్యబాఱిన మెడయు జెప్పునది వేఱొకటి. దుఃఖమును గోపమును బాల్యమునుండి యణచుకొనుటచే కండరములు బిగిసి కవచమువలె నగునని యాయన మతము. మన తెలుగువారును "గుండె రాయి చేసికొనుట", "పంటిబిగువున నోర్చుట" యనుచున్నారు గదా! లోకము వాడుకలో నెఱిగినదానిని రైక్ చికిత్సగా మార్చెను. 1933లో కమ్యూనిస్టులును, 1934లో మనోవిశ్లేషకులును ఆయనను వెలివేసిరి. పిమ్మట ఓస్లో నగరమున 1939 వఱకు నుండి, రోగి వెనుక గూర్చుండి మాటలు మాత్రమే వినవలెనను ఫ్రాయిడ్ సంప్రదాయమును విడిచి, ఊపిరి నిండుగ బీల్పించి, బిగిసిన కండరములను జేతితో నొక్కి, అణగియున్న యేడుపును వెలికి రప్పించుచుండెను. వైద్యుడు రోగిని ముట్టుట యెంతవఱకు దగునను ప్రశ్న నేటికిని తీఱలేదు.

అమెరికా చేరినపిదప నాయన త్రోవ తప్పెను. విశ్వమంతట "ఆర్గోన్" అను ప్రాణశక్తి నిండియున్నదనియు, లోపల లోహపు రేకు పొదిగిన పెట్టెలో గూర్చుండినవారి కది లభించుననియు బోధించెను. 1941లో ఐన్‌స్టీన్ ఆ పెట్టెను పరీక్షించి, అందలి వేడి గదిలోని గాలి కదలికవలన గలిగినదే యని తేల్చెను. రైక్ వినలేదు. రాచపుండు రోగులను సైత మా పెట్టెలలో గూర్చుండబెట్టెను. ఇచ్చట నే నాయన పక్షము వహింపజాలను. చావు తఱుముకొని వచ్చువానికి గడియ గడియయు విలువైనది. వట్టి పెట్టెలో దానిని వ్యయపఱచుట ఘోరము. 1954లో ప్రభుత్వ ఆహారౌషధశాఖవారు పెట్టెల వ్యాపారమును న్యాయస్థానముద్వారా నిషేధింపజేయుట న్యాయమే.

కాని యా యాజ్ఞ పెట్టెలతో నాగలేదు. శీలవిశ్లేషణమును గూర్చియు, ఫాసిజమునకు జనసామాన్య మేల లోబడెనను విషయమును గూర్చియు 1933లో రచించిన గ్రంథములు గూడ, తరువాతి కూర్పులలో ఆర్గోన్ మాట చేరుటచే, దానికి లోబడెను. పెట్టెను నమ్మి రోగి చెడవచ్చును. పుస్తకమును చదివినవాడు దానిని ఖండింపనువచ్చును. ఈ భేదమును న్యాయాధిపతి గుర్తింపకపోవుట శోచనీయము. రైక్ మాత్రము, శాస్త్రవిషయమున న్యాయస్థానమునకు దీర్పు చెప్పు నధికారము లేదని వ్రాసి, హాజరుగాక తన వాదమును తానే పోగొట్టుకొనెను. సహచరు డొకడు పెట్టెలను రాష్ట్రము దాటించుటచే ధిక్కారనేరము స్థాపింపబడి, రెండేండ్ల శిక్ష పడెను. 1957 నవంబరు 3వ తేదీన లూయిస్‌బర్గ్ చెఱసాలలో మరణించెను.

1960 మొదలు ఆయన రచనలు న్యూయార్కులోనే మరల నచ్చుపడజొచ్చెను.