కొనాయి చెయ్యి

చదువు రానివాణ్ణి తెలుగులో ‘వేలిముద్రగాడు’ అంటాం. సంతకం పెట్టడం చేతకాక బొటనవేలు సిరాలో అద్దే మనిషి అని ఆ మాటకు అర్థం. పాత దస్తావేజుల్లో అలాంటివాళ్ల పేరు పక్కన ‘నిశానీ’ అని రాసి ఉంటుంది. అయితే మన దేశంలో ఒక ప్రభుత్వాధికారి ఒప్పంద పత్రం మీద చేతిముద్ర వేయించుకున్నట్టు చరిత్రకెక్కిన మొదటి మనిషికి రాయడం వచ్చు. 1858 జులైలో బెంగాల్లోని జంగీపూర్‌లో, రోడ్డు పనికి కావలసిన కంకర తోలిస్తానని రాజ్యధర్ కొనాయి అనే ఆయన స్వదస్తూరితోనే ఒప్పందం రాసిచ్చాడు. సంతకం పెట్టబోతున్న సమయానికి విలియం హెర్షెల్ అనే యువ అధికారి ఆయన్ని ఆపి, ఆఫీసు ముద్రకు వాడే నూనె సిరాను అరచేతికి పూయించి, కాగితం వెనకవైపు చెయ్యి అద్దించాడు. సంతకం నాది కాదంటూ కొనాయి రేపు అడ్డం తిరగకుండా భయపెట్టాలన్నదే తన ఉద్దేశమని హెర్షెల్ తర్వాతి కాలంలో రాసుకున్నాడు. అరచేతి గీతలను పోల్చి మనిషిని గుర్తుపట్టే శాస్త్రం అప్పటికి పుట్టలేదు. అధికారి కళ్లెదుట, ఒక కాగితం మీద, ఒక మాటకు మనిషిని కట్టిపడేసే తంతుగానే ముద్ర మొదలైంది. ఆ పుట్టుకను మరిచిపోయి, జరిగిన పనికి సాక్ష్యంగా ఉండవలసిన ముద్రను తలుపులు తెరిచే తాళంచెవిగా మార్చాం. ప్రభుత్వ గుర్తింపుల దొంగతనాలకు అసలు మూలం ఆ మార్పులోనే ఉందని నా వాదన.

హెర్షెల్ తన ఆలోచనను వదల్లేదు. 1860 ప్రాంతంలో నీలిమందు రైతుల తిరుగుబాటుతో అట్టుడికిన నదియా జిల్లాలో ఆయన మేజిస్ట్రేటుగా ఉన్నాడు. దొంగ పత్రాల గొడవ అక్కడ ఎంత ఉందో దగ్గరగా చూశాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు వేలిముద్రను మూడుచోట్ల వాడి చూశాడు: పింఛన్ల దగ్గర, జైల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో. చనిపోయిన పింఛనుదారుడి పేరు చెప్పి మరొకరు డబ్బు తీసుకోకుండా, శిక్ష పడినవాడి బదులు కూలికి కుదిరినవాడు జైలుకు పోకుండా, భూమి అమ్మినవాడు నేను అమ్మలేదని బుకాయించకుండా ఆపడమే ఆ మూడింటి ప్రయోజనం. మూడూ మనిషి మారిపోయే మోసాలే. ఈ పద్ధతిని మిగతాచోట్లా పెట్టమని జైళ్ల ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాశాడు గానీ పైవాళ్లు పట్టించుకోలేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ పరిశోధన, బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ అధికారం, అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ఇన్‌స్పెక్టర్ల బుర్ర కలిశాకగానీ వేలిముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతి కుదరలేదు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ఆ పద్ధతికి హెన్రీ పేరు నిలిచింది. దానికి కావలసిన లెక్క కట్టిన ఇద్దరి పేర్లు చాలాకాలం మరుగున పడ్డాయి.

ఆ తొలి రోజుల్లోనే ఒక న్యాయస్థానం వేలిముద్ర హద్దు ఏమిటో చెప్పింది. జల్పాయ్‌గురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. ఆయన పెట్టెలో ఉన్న బెంగాలీ పంచాంగం మీద నెత్తుటి వేలిముద్ర దొరికింది. అంతకుముందు దొంగతనం కేసులో శిక్షపడ్డ కంగాళీ చరణ్ కుడి బొటనవేలితో అది సరిపోయింది. 1898లో తీర్పిచ్చిన కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది, హత్యానేరం మాత్రం రుజువు కాలేదంది. ఆ వేలు పంచాంగాన్ని తాకిందన్నంత వరకే ముద్ర చెబుతుంది. కత్తి ఎవరి చేతిలో ఉందో చెప్పదు. మరుసటి ఏడు, 1899లో, సాక్ష్యాల చట్టాన్ని సవరించి వేలిముద్రల నిపుణుడి అభిప్రాయానికి కోర్టులో చోటు కల్పించారు. అంటే వేలిముద్ర మన చట్టంలోకి వచ్చింది సాక్ష్యంగానే. నిపుణుణ్ణి ఎదురు ప్రశ్నలు అడగవచ్చు. కాగితం ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది అని నిలదీయవచ్చు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ ఇదే కొలత. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 34వ సెక్షను ప్రకారం, ఎదుట హాజరైన మనిషి ఫలానావాడేనని అధికారి తనకు తాను నిర్ధారించుకోవాలి. అందుకోసమే గుర్తుపట్టే సాక్షులు. మరొకడిలా నటించి రిజిస్ట్రేషన్ చేయిస్తే 82వ సెక్షను కింద ఏడేళ్ల దాకా జైలు. వేలిముద్ర ఈ ఏర్పాటులో ఒక అంగం మాత్రమే; తర్వాతెప్పుడో తగాదా వస్తే తీసి చూడ్డానికి పదిలపరిచిన ఆనవాలు. అదే చట్టం 57వ సెక్షను మరో మాట చెబుతుంది: స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. భూమి కొనేవాడు మోసపోకూడదంటే ఆ భూమి కథ అందరికీ కనబడాలి. వీలునామాల వంటివాటికి ఈ వీలు లేదు, భూమి పత్రాలకే. వందేళ్లకు పైగా మన పల్లెల్లో కొనుగోలుదారులకు కాస్తో కూస్తో ధైర్యమిచ్చింది ఈ బహిరంగతే.

ఇక్కణ్ణించి తెలుగునేల మీద జరిగింది జాగ్రత్తగా చూడాలి. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టింది. 2001లో పార్లమెంటు చేసిన సవరణతో 32ఎ సెక్షను వచ్చి, దస్తావేజుకు ఫొటోలు, వేలిముద్రలు జతచేయడం తప్పనిసరైంది. దొంగ రిజిస్ట్రేషన్లు ఆపాలన్న ఆశయం మంచిదే. ఆ తర్వాత ఆధార్ నంబరు కూడా అదే కాగితం మీదికి చేరింది, ఆ కాగితం వెబ్‌సైటుకెక్కింది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల డీలరును పోలీసులు పట్టుకున్నారు. అతను రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపు చేసినట్టు పాలిమర్‌తో అచ్చుపోసి, ఆ నకలు వేళ్లతో ఎవరెవరి పేర్ల మీదో వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడని కేసు. తర్వాతి ఏళ్లలో ఇదే కిటుకు బ్యాంకు ఖాతాల మీదికి మళ్లింది. ఆధార్ చెల్లింపుల పద్ధతిలో నగదు తీయడానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అక్కర్లేదు. తన పొలం తాను అమ్మలేదని బుకాయించకుండా వేయించిన ముద్రే ఆ మనిషి ఖాతా ఖాళీ చేయడానికి పనికొచ్చింది.

ఇందులో ధర్మారం డీలరు తెలివితేటల కంటే రెండు చట్టాల మధ్య పొంతన లేకపోవడమే నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. కాకతాళీయమే కావచ్చు, రెండింటిలోనూ సెక్షను నంబరు ఒకటే. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ముద్రను నలుగురి ముందు పరిచింది. 2016 ఆధార్ చట్టం 57వ సెక్షను అదే ముద్రతో ప్రైవేటు కంపెనీలు కూడా మనిషిని నిర్ధారించుకునే దారి తెరిచింది. ఒకటి బయటపెట్టిన దాన్ని రెండోది రహస్యమన్నట్టు నమ్మింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టంలోని ఆ సెక్షనులో ప్రైవేటు కంపెనీలకు వీలిచ్చే భాగాన్ని కొట్టేసింది. ముద్రను నమ్మి మనిషిని మరవడం ఎంత ప్రమాదమో మన పాత సాహిత్యానికి తెలియనిది కాదు. విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో రాక్షసమంత్రి ముద్ర ఉంగరం చాణక్యుడి చేతికి చిక్కుతుంది. ఆ ముద్ర పడిన ఉత్తరాన్ని చూసి రాక్షసుడి పక్షంవారే ఆయన్ని ద్రోహి అనుకుంటారు. ఉంగరం పోయిందని తెలిస్తే రాక్షసుడు మరొకటి చేయించుకోగలడు. వేలిముద్ర దొంగలపాలైన రైతుకు ఆ అవకాశం లేదు.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యను. వేలిముద్ర లేకపోతే నష్టపోయేది పేదవాడేననీ, దొంగ పేర్లతో కూలీ డబ్బు, పింఛను కాజేసే దళారులను ఆపింది యంత్రమేననీ అంటారు. నిజముంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్ల చెల్లింపులకు తెచ్చిన బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల మీద ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం చేశారు. 157 మండలాలు, దాదాపు కోటి తొంభై లక్షల జనాభా దాని పరిధి. చెల్లింపులు వేగంగా అందాయనీ, మధ్యలో కారిపోయే డబ్బు తగ్గిందనీ తేలింది. కానీ ఆ ఏర్పాటు ఎలా ఉండేదో కూడా చూడాలి. వేలితోపాటు కార్డు కూడా చూపాల్సి ఉండేది. డబ్బిచ్చింది ఆ ఊళ్లోనే ఉండే, పొదుపు సంఘంలో సభ్యురాలైన మహిళ. ఎవరి పింఛను ఎవరు తీసుకుంటున్నారో ఆమెకూ, ఊరికీ తెలిసేది. హెర్షెల్ హుగ్లీలో చేయించినదానికి ఇది దగ్గర చుట్టం: ముద్ర ఉంది, చూసే కళ్లూ ఉన్నాయి. ఎక్కడో కూర్చున్నవాడు నకలు వేలు నొక్కితే డబ్బు రాలే పద్ధతిని ఈ ఫలితాలు చూపించి సమర్థించడం కుదరదు.

సాక్షులు మాత్రం అమ్ముడుపోరా అని మరో ప్రశ్న. పోతారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు చెట్టు కింద ముక్కూమొహం తెలియనివాళ్లకు సాక్షి సంతకాలు చేసేవాళ్లు ఉండబట్టే దొంగ రిజిస్ట్రేషన్లు జరిగాయి. అయినా అమ్ముడుపోయిన సాక్షికి పేరుంటుంది, ఊరుంటుంది. కోర్టు బోనెక్కించి అడగవచ్చు. యంత్రం ‘సరిపోయింది’ అన్నాక అడగడానికి ఎవరూ మిగలరు. ఆ వేళకు నేను అక్కడ లేనని రుజువు చేసుకునే బరువు డబ్బు పోగొట్టుకున్నవాడి మీద పడుతుంది. మట్టిపనికి గీతలు అరిగిపోయిన వేళ్లు రేషన్ దుకాణంలో మిషన్ మీద పడక వెనుదిరిగేదీ, నకలు వేలికి ఖాతా అప్పగించేదీ చాలాసార్లు ఒకే రకం మనుషులు. ఎవరిని వేలిముద్రగాళ్లని ఎగతాళి చేశామో వాళ్లే.

ఇది వేలిముద్రకే పరిమితం కాదు. అమెరికాలో 1936లో మొదలైన సోషల్ సెక్యూరిటీ నంబరు పింఛను ఖాతా లెక్క కోసం పెట్టినది. 1938లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పర్సుల కంపెనీ, కార్డు ఎలా ఇముడుతుందో చూపడానికి తమ ఉద్యోగిని అసలు నంబరునే అచ్చువేసి పర్సుల్లో పెట్టి అమ్మింది. 1943 నాటికి 5,755 మంది ఆ నంబరును తమదిగా వాడుతున్నారు. ‘గుర్తింపు కోసం కాదు’ అని 1946 నుంచి పాతికేళ్లపాటు కార్డు మీదే అచ్చువేసినా బ్యాంకులు, యజమానులు, కాలేజీలు మనిషి గుర్తుకు దాన్నే అడిగాయి. మన డ్రైవింగ్ లైసెన్సు కథా అంతే. బండి నడపడం వచ్చునని చెప్పే పత్రం లాడ్జీలో, విమానాశ్రయంలో, సిమ్ కార్డు దుకాణంలో మనిషికి హామీ అయింది. చాలాచోట్ల ఒక జిరాక్సు మిగిలిపోతుంది. ఒక పనికి పుట్టిన గుర్తును పది పనులకు వాడితే, పదిచోట్లలో అన్నిటికన్నా అజాగ్రత్తగా ఉన్న చోటు నుంచి అది జారిపోతుంది.

సాంకేతిక మరమ్మతులు జరుగుతున్నాయి, కాదనను. 2023లో ఆధార్ సంస్థ, నొక్కింది బతికున్న వేలో, అచ్చుపోసిన నకలో పసిగట్టే పరీక్ష పెట్టింది. బయోమెట్రిక్‌ను లాక్ చేసుకునే సదుపాయమూ ఉంది. అయితే లాక్ వేసుకోవలసిన బాధ్యత మనిషిది. వేయకపోతే తెరిచే ఉంటుంది. ఫోను వాడకం తెలియని ముసలమ్మకు ఇది తలకిందుల ఏర్పాటు. మూసి ఉంచి, అడిగినవాళ్లకు తెరవాలి. అలాగే భూమి పత్రాల నకళ్లు ఎవరడిగినా ఇవ్వాల్సిందే, ఆ బహిరంగతను వదులుకోకూడదు. ఇచ్చే నకలులో వేలిముద్ర, ఆధార్ నంబరు కనబడకుండా చేస్తే కొనుగోలుదారుడికి పోయేదేమీ లేదు. అసలు ముద్ర ఆఫీసులో ఉంటుంది, తగాదా వస్తే కోర్టు తెప్పించుకుంటుంది. ఇక వేలు మారదన్న ధీమాను కూడా మనవాళ్లే పరీక్షకు పెట్టారు. కువైట్ నుంచి వెనక్కి పంపేసినవాళ్లకు వేళ్ల కొసలు కోసి, కుట్లు వేసి, గీతలు మార్చి మళ్లీ అక్కడికి పంపుతున్న కడప ప్రాంతపు ముఠాను 2022లో రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. బతుకుతెరువు కోసం వేలి చర్మం కోయించుకున్న ఆ కూలీలను తలుచుకుంటే బాధ కలుగుతుంది.

హెర్షెల్ 1916లో, చనిపోవడానికి ఏడాది ముందు, వేలిముద్రల పుట్టుక గురించి చిన్న పుస్తకం వేశాడు. దశాబ్దాల ఎడంతో తీసుకున్న తన వేలిముద్రలను అందులో పక్కపక్కన చూపించాడు, గీత మారలేదని. కొనాయి అరచేతి ముద్రనూ అందులో అచ్చువేశాడు. ఆ చెయ్యి వందేళ్లకు పైగా లోకమంతటికీ కనబడుతూనే ఉంది. దాంతో ఎవరూ కొనాయి పేరున రూపాయి తీయలేదు, ఆయన వారసుల పొలం రాయించుకోలేదు. ఒక కంకర ఒప్పందానికి వేసిన ముద్ర అది. ఆ ఒప్పందాన్ని దాటి ఏ తలుపుకూ దాన్ని తగిలించలేదు.