విజ్ఞానశాస్త్ర విభాగానికి దూరపు విద్యార్థులు: పాలమూరు నుండి చూచిన చరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ప్రాంతాన్ని అక్కడివారు నడిగడ్డ అంటారు. తుంగభద్ర దాటితే కర్నూలు. హైదరాబాదు అంతకు మూడు రెట్ల దూరం. 1919 ఆగస్టు 28న హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలి తరగతులు 225 మంది విద్యార్థులతో ప్రారంభమైనాయి. ఆ విశ్వవిద్యాలయం నడిగడ్డ విద్యార్థికి తన రాజ్యంలోనిదే. అయినా మద్రాసు కంటె అది అతనికి దగ్గరిదని ఖండితంగా చెప్పలేము. విశ్వవిద్యాలయానికీ విద్యార్థికీ మధ్య ఉండే దూరాన్ని మైళ్లతో కొలవడానికి వీలులేదు. మన ప్రాంతంలో విజ్ఞానశాస్త్ర విభాగాలకు దూరపు విద్యార్థులు ఎట్లా వచ్చారు, ఎందుకు రాలేకపోయారు అనే చరిత్రకు ఈ సంగతే మూలం.

మొదటి దూరం భాష వలన కలిగినది. ఉస్మానియా బోధనభాష ఉర్దూ. భారతీయ భాషలో విజ్ఞానశాస్త్రాన్ని ఉన్నత స్థాయిలో బోధించడానికి పూనుకొన్న తొలి విశ్వవిద్యాలయం అదే. అందుకొరకు 1917లోనే ఒక అనువాద సంస్థను నెలకొల్పారు. దానిపేరు దారుల్ తర్జుమా. పాశ్చాత్య గ్రంథాలను అక్కడ వరుసగా ఉర్దూలోనికి మార్చారు. భౌతికశాస్త్రం తబీయాత్ అయినది, రసాయనం కీమియా అయినది, గణితం రియాజీ, వృక్షశాస్త్రం నబాతియాత్ అయినాయి. దేశభాషలో శాస్త్రబోధ సాధ్యంకాదని వాదించేవారికి ఈ ప్రయత్నం చక్కని సమాధానమని ఒప్పుకొనక తప్పదు. అయితే రాజ్యంలోని ప్రజలలో అధికసంఖ్యాకుల భాష తెలుగు. మాధ్యమిక పాఠశాలలలోనే ఉర్దూ బోధన ఉండడం వలన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల విద్యార్థికి ఆటంకం కళాశాల ద్వారం దగ్గర కాక, అంతకు ఎన్నో ఏండ్లు ముందుగానే ఎదురయ్యేది. తబీయాత్‌లోని సూత్రం తెలియడానికి ముందు తబీయాత్ అనే మాట తెలియాలి.

ఆ మాటలు నేర్చినవాడు మాత్రం వెనుకబడలేదు. హైదరాబాదులో పుట్టిన రజీయుద్దీన్ సిద్దీఖీ ఉస్మానియా తొలితరం పట్టభద్రులలో ఒకడు. ఉర్దూలో గణితం చదివిన ఆ యువకుడు కేంబ్రిడ్జికి వెళ్లి, తరువాత జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగివచ్చి ఉస్మానియాలోనే గణితాచార్యుడైనాడు. ఆ కాలంలో విద్యార్థుల ప్రయాణం ఇక్కడినుండి అక్కడికే. విదేశాలనుండి ఇక్కడికి విద్యార్థులను రప్పించాలనే ఆలోచనకు ఇంకా సమయం రాలేదు.

ఇతర ప్రాంతాల పండితులను రప్పించడం పాలమూరుకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవిపండితులను పిలిచి సభలు జరిపి, సత్కరించి పంపేవి. తిరుపతి వేంకట కవులు వంటివారు కోస్తా నుండి ఈ సంస్థానాలకు వచ్చినవారే. విద్వద్గద్వాల అనే పేరు ఊరకే రాలేదు. కాని ఆ ఆదరణ కావ్యానికీ శాస్త్రచర్చకూ లభించినది గాని ప్రయోగశాలకు లభించలేదు. వచ్చిన పండితుడు సంభావన తీసికొని వెళ్లిపోయేవాడు. విద్యార్థి అట్లా కాదు. అతడు రెండు మూడేండ్లు ఉండాలి, తినాలి, చదవాలి.

కనుక రెండవ దూరం వసతి. గద్వాల దగ్గరి ఇటికాలపాడు వాస్తవ్యుడైన సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) కర్నూలులో చదివి, మద్రాసులో బి.ఎ., బి.ఎల్. పూర్తి చేసికొన్నాడు. హైదరాబాదులోని నిజాం కళాశాల కూడ ఆనాడు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనదే. అంటే ఇంగ్లీషులో పట్టం కోరిన తెలుగు విద్యార్థి రాజ్యంలోనే ఉన్నా అతని పరీక్ష మద్రాసువారి చేతిలో ఉండేది. వనపర్తి సంస్థాన ప్రాంతంలో పుట్టి హైదరాబాదు కొత్వాలైన రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1918లో పట్నంలో రెడ్డి హాస్టలు స్థాపనకు పూనుకొన్నాడు. ప్రతాపరెడ్డి 1920వ దశకంలో దానికి కార్యదర్శిగా పనిచేశాడు. తెలంగాణ విద్యాచరిత్రలో ఇటువంటి వసతిగృహాలకు కళాశాలలతో సమానమైన స్థానం ఉన్నది. విశ్వవిద్యాలయం వెలసిన ఏడే హాస్టలు కూడ వెలసినదని విద్యార్థులు గమనింపవచ్చు. ప్రవేశం ఎవరైనా ఇవ్వవచ్చును. రాత్రికి అన్నం పెట్టేవారు లేనిదే పల్లెటూరి పిల్లవాడు పట్నంలో నిలువలేడు.

1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించినది. ముప్పై ఏండ్ల అనువాద కృషి దాదాపు ఒక్కసారిగా అలమరలలోనికి చేరినది. ఇది విచారించదగిన నష్టమే. కాని దానితోపాటు ఒక తలుపు తెరుచుకొన్నది. 1949లో సూరి భగవంతం ఉస్మానియా భౌతికశాస్త్ర శాఖకు వచ్చాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ వద్ద పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పేరుపొందిన శాస్త్రజ్ఞుడాయన. ఉర్దూ బోధన కొనసాగినట్లయితే ఆయన ఇక్కడ పాఠం చెప్పడం ఊహింపరాదు. 1952 నుండి 1957 వరకు ఆయన ఉపాధ్యక్షుడుగా కూడ ఉన్నాడు. స్నాతకోత్తర తరగతికి విద్యార్థి భవనాన్ని చూచి రాడు, తన పరిశోధనకు మార్గం చూపే ఆచార్యుణ్ణి వెదకుకొంటూ వస్తాడు. కాబట్టి ఆచార్యుడు రాగలిగిన చోటికి విద్యార్థి కూడ రాగలుగుతాడు.

విదేశీ విద్యార్థుల రాక కూడ ఆ కాలంలోనే క్రమబద్ధమైనది. ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులకు భారత ప్రభుత్వం 1949లో సాధారణ సాంస్కృతిక ఉపకారవేతనాల పథకం ఆరంభించినది. 1950లో మౌలానా ఆజాద్ భారత సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించాడు. నైరోబీ, అక్రా వంటి నగరాలలోని మన రాయబార కార్యాలయాలకు ఆ సంవత్సరాలలో ఎంతో ప్రాముఖ్యం ఉన్నది. వనపర్తి సంస్థాన వారసుడైన రాజా రామేశ్వరరావు ఆ రెండు చోట్లా భారత ప్రభుత్వ ఉద్యోగిగా పనిచేసినవాడే. తరువాత 1957లో మహబూబ్‌నగర్ నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. 1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వెలసినది. దర్బారు జరిగిన భవనంలో విద్యార్థులు డ్రాయింగు బల్లలు వేసికొన్నారు. గద్వాల కోటలో కూడ నేడు డిగ్రీ కళాశాల ఉన్నది.

హైదరాబాదులో 1958లో ఏర్పడిన కేంద్ర ఆంగ్ల సంస్థ నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయంగా ఎదిగినది. విజ్ఞానానికీ దీనికీ సంబంధమేమని సందేహం కలుగవచ్చు. సూడాన్, యెమెన్ వంటి దేశాలనుండి ఉస్మానియాకు వచ్చే విద్యార్థి అరబ్బీలో చదివినవాడు. రసాయనశాస్త్రం అతనికి తెలుసు, దానిని ఇంగ్లీషులో చెప్పడం తెలియదు. ఇప్పుడు గద్వాల వైపు చూడండి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తరువాత ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో శాస్త్రపాఠాలు తెలుగులో లభించాయి. ఎం.ఎస్‌సి. బోధన మాత్రం ఇంగ్లీషులోనే సాగినది. కనుక తెలుగు మాధ్యమంలో బి.ఎస్‌సి. చదివిన గద్వాల విద్యార్థీ, అరబ్బీ మాధ్యమంలో చదివిన ఖార్టూమ్ విద్యార్థీ ఒకే బెంచీపై కూర్చుని ఒకే ఇబ్బంది పడతారు. ఒకడు సముద్రం దాటి వచ్చాడు, మరొకడు కృష్ణానదిని మాత్రమే దాటాడు. విదేశీ విద్యార్థికి భాషాశిక్షణ కావాలని అందరూ ఒప్పుకొంటారు. స్వదేశీ విద్యార్థికి కూడ అదే కావలసి ఉండవచ్చుననే సంగతి తేలికగా మరుగున పడుతుంది.

స్థానికత సమస్య కూడ ఒకటి ఉన్నది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్‌ను ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అనే మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, నూటికి 85 స్థానాలను స్థానికులకు కేటాయించినది. తుంగభద్రకు ఈవలనున్న అలంపురం ఉస్మానియా ప్రాంతంలోనికి, ఆవలనున్న కర్నూలు శ్రీవేంకటేశ్వర ప్రాంతంలోనికి వచ్చాయి. వెనుకబడిన ప్రాంతాలకు ఈ రక్షణ అవసరమైనదే. అదే 1974లో కేంద్ర విశ్వవిద్యాలయంగా పుట్టిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మాత్రం దేశమంతటినుండి విద్యార్థులను తీసికొన్నది. ఒకే నగరంలో రెండు రకాల తలుపులు ఏర్పడినాయి.

భాష, వసతి, స్థానికత అనేవి రాకకు అడ్డుపడే సంగతులు. అవి తొలగినంత మాత్రాన విద్యార్థి వస్తాడని కాదు. ఇక్కడ తప్ప మరొకచోట దొరకని విషయం ఒకటి ఉండాలి. ఖగోళశాస్త్రం ఇందుకు మంచి ఉదాహరణ. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆకాశంలో దక్షిణ క్రాంతి 17 మొదలు 23 డిగ్రీల వరకుగల నక్షత్రాలను ఫోటోలు తీసి, అంతర్జాతీయ నక్షత్రపట్టికకు అందించినది. 1919లో అది ఉస్మానియా అధీనంలోనికి వచ్చినది. 1964లో ఖగోళశాస్త్ర ఉన్నతాధ్యయన కేంద్రం, ఆ దశకం చివర జపాల్–రంగాపురం కొండపై 48 అంగుళాల దూరదర్శిని ఏర్పడినాయి. అంతటి పరికరం దేశంలో అరుదుగా ఉన్న రోజులలో స్నాతకోత్తర విద్యార్థిని ఆకర్షించడానికి వేరే ప్రకటన అక్కరలేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పడమటి తీరంలో భూమిని తాకి, రాయచూరు, పాలమూరు మీదుగా ఈశాన్యంగా సాగినది. చంద్రుని నీడ నేలపై గీసే బాట సన్నటిది. దానిలో నిలిచినవారికే సూర్యుని కరోనా కనబడుతుంది. సూర్యబింబపు కాంతితో పోల్చితే కరోనా కాంతి పదిలక్షల వంతులలో ఒక వంతు మాత్రమే. బింబం పూర్తిగా మరుగైనప్పుడే దానిని తృప్తిగా చూడగలము. పైగా ఆ ఏడు సూర్యుని మచ్చలు అత్యధికంగా ఉన్న కాలం. గ్రహణానికి రెండు రోజుల ముందే, ఫిబ్రవరి 14న, అమెరికా సౌర పరిశోధక ఉపగ్రహం ఒకటి ఆకాశంలోనికి ఎగిరినది. అందువలన విదేశ శాస్త్రజ్ఞులు పరికరాల పెట్టెలతో రంగాపురానికి వచ్చారు. అమెరికాలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీవారి కెమేరా నాగర్‌కర్నూలు దగ్గరి పాలెంలో నిలిచినది. కరోనా అంచుకు పోయేకొద్దీ కాంతి వేగంగా తగ్గుతుంది. లోపలి కాంతిని ఎక్కువగా, వెలుపలి కాంతిని తక్కువగా అడ్డుకొనే వడపోత అద్దంతో ఆ కెమేరా కరోనా అంతటినీ ఒకే చిత్రంలో పట్టగలదు. రెండు నిమిషాలకు పైచిలుకు సమయం కొరకు సగం భూగోళం చుట్టివచ్చారు. ఆ మధ్యాహ్నం మనదేశంలో ఎందరో తలుపులు మూసికొని ఇండ్లలోనే ఉండిపోయారనేది వేరే సంగతి.

గ్రహణం వచ్చి పోతుంది. నేల పోదు. పాలెంలోనే ఉన్న వ్యవసాయ పరిశోధనాస్థానం జొన్న, ఆముదం వంటి మెట్ట పంటలపై పనిచేస్తూ వచ్చినది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ ఎంచుకొన్న పంటలు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ. ఇవన్నీ పాలమూరు రైతు ఎరిగిన పంటలే. నైజర్, సూడాన్, ఇథియోపియా యువశాస్త్రజ్ఞులు పటాన్‌చెరు రావడానికి కారణం కూడ ఇదే. వారి దేశంలోని వాననీటి కొరత, జొన్నకు పట్టే తెగుళ్లు ఇక్కడి వాటిని పోలినవే.

గద్వాల రాళ్ల కథ మరింత విచిత్రమైనది. ఆ ప్రాంతంలో సుమారు 270 కోట్ల ఏండ్లనాటి అగ్నిపర్వత శిలల పట్టీ ఒకటి ఉన్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని గద్వాల హరితశిలా పట్టీ అంటారు. అందులో బోనినైట్ అనే శిల దొరికినది. జపానుకు దక్షిణంగా పసిఫిక్ సముద్రంలోనున్న బోనిన్ దీవుల పేరు దానికి పెట్టారు. మెగ్నీషియం అధికంగా, టైటానియం అత్యల్పంగా ఉండే ఈ శిల సామాన్యంగా ఒక భూఫలకం మరొకదాని క్రిందికి దిగే చోట పుడుతుంది. అంటే భూమి బాల్యంలో కూడ ఫలకాలు నేటివలెనే కదిలినవా అనే ప్రశ్నకు గద్వాల చేలగట్లలోని రాయి సాక్ష్యం చెప్పగలదు. ఈ ప్రశ్నతో కుస్తీపట్టే పరిశోధకుడు ఏ దేశంలో ఉన్నా గద్వాల పేరు వినక తప్పదు.

2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం స్థాపించబడినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపూర్‌లలో దాని స్నాతకోత్తర కేంద్రాలు ఏర్పడినాయి. రైలులేని నాగర్‌కర్నూలుకు, ఊరి బయట ఎక్కడో స్టేషనుగల వనపర్తికి ఇది చిన్న మార్పు కాదు. ముఖ్యంగా ఆడపిల్లలను దూరం పంపడానికి వెనుకాడే ఇండ్లలో ఎం.ఎస్‌సి. అనే మాట బస్సు దూరంలోనికి వచ్చినది. విదేశీ విద్యార్థుల విషయంలో విశ్వవిద్యాలయాల సంఘం 2022లో మరొక వెసులుబాటు కల్పించినది. మంజూరైన స్థానాలకు పైన నూటికి 25 వరకు అదనపు స్థానాలను వారికి ఇవ్వవచ్చును. అవి అదనపు స్థానాలు కనుక స్థానిక విద్యార్థి స్థానం ఒక్కటీ తగ్గదు. కాగితం మీద గద్వాలకూ ఖార్టూమ్‌కూ తగాదా లేదు.

ఇక మిగిలినవి పాత ప్రశ్నలే. శిలను పలుచని పొరగా కోసి చూచే సూక్ష్మదర్శిని, దానిని ఉపయోగించడం నేర్పే ఆచార్యుడు, ఇంగ్లీషు పుస్తకానికీ తెలుగు విద్యార్థికీ మధ్య వంతెన వేసే మొదటి ఆరు నెలల పాఠాలు, రాత్రికి హాస్టలు అన్నం. రాయి మాత్రం నడిగడ్డలోనే ఉన్నది.