చెరువు నీటి పంపకం: న్యాయభావన, స్వప్రయోజనం

గోల్కొండను 1550–1580 మధ్య పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. ఇబ్రహీంపట్నానికి ఆయన పేరే. అక్కడి పెద్ద చెరువు ఆయన కాలపు నిర్మాణమే. కట్ట వేయించినది రాజ్యమైనా, నీటిని పంచుకోవలసినవారు రైతులు. తూముకు దగ్గరి మడికి ముందు నీరందుతుంది. దిగువ రైతు వాటా ఎగువ రైతు సంయమనంపై ఆధారపడుతుంది.

తెలంగాణ గ్రామాలు ఆ సంయమనాన్ని ఎవరి మంచితనానికీ వదలలేదు, నీరడికి అప్పగించాయి. తూము తెరవడం, మూయడం, వంతు ప్రకారం మడులకు నీరు పారించడం అతని పని. ప్రతిఫలం ఇనాం భూమిగానో, కళ్లంలో రైతులు కొలిచే ధాన్యంగానో ముట్టేది. చివరి మడి ఎండితే అక్కడి గింజలు అతనికీ దక్కవు. నిష్పాక్షికతే అతని లాభం. దశబంధం ఇనాముల తర్కమూ ఇంతే: చెరువు తవ్వించినవారికి దక్కిన భూమి పండాలంటే చెరువు నిలవాలి.

అయితే లాభచింతన ఒక్కటే మనిషిని నడపదు. 1982లో వెర్నర్ గ్యూత్ బృందం ప్రచురించిన ప్రయోగంలో ఒకరు సొమ్మును పంచుతారు. రెండవవారు కాదంటే ఇద్దరికీ ఏమీ మిగలదు. అటువంటి ప్రయోగాల్లో మరీ చిన్న వాటాను పలువురు నష్టానికి సిద్ధపడే తిరస్కరించారు. పూడికతీతకు దిగువ రైతు శ్రమ కూడా కావలసిన చెరువు కింద ఈ తిరస్కారం చిన్న విషయం కాదు.

ఈ న్యాయం ఆయకట్టులో భూమి ఉన్నవారికే పరిమితం. పైగా, పొలాలకు నీటిని సమంగా పంచిన నీరడి చాలా గ్రామాల్లో దళితుడు. ఊరి బావిలో నీళ్లు తోడుకొనే హక్కు అతనికి ఉండేది కాదు.