కారిన బ్రేకు ఆయిలు, నిలిచిన రైలు

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు రాత ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన నెల మా పాత అంబాసిడర్‌లో జోలార్‌పేటకు వెళ్తుంటే రైల్వే గేటు ముందర బ్రేకు పెడల్ నేలదాకా దిగిపోయింది. గేటు వేసి ఉంది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, గేటుకు నాలుగడుగుల ఇవతల నిలిచాము. హ్యాండ్ బ్రేకుకు ఆయిలుతో పనిలేదు కాబట్టి బతికిపోయాము. తాడు కట్టి ట్రాక్టరుతో ఇంటికి లాగించాము. దారంతా మాట్లాడని మా ఇంటావిడ గుమ్మంలో అడిగింది: "ఏమండీ, పైపు ఊడితే రైలు తానే నిలిచిపోతుందని ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. మరి ఇది కారితే నిలవదేం?"

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే చాలా వెనక్కి పోవాల్సి వచ్చింది.

1869లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైలుకు గాలి బ్రేకు కనిపెట్టాడు. మొదట అదీ మన కారు లాంటిదే. డ్రైవరు గాలి పంపితే బ్రేకు పడుతుంది, పైపు తెగితే పడదు. 1872లో ఆయన దాన్ని తిరగేశాడు. పైపులో గాలి ఎప్పుడూ నిండి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గితే ప్రతి పెట్టె కింద ఉన్న తొట్టిలోని గాలి వచ్చి బ్రేకు వేస్తుంది. అంటే కారితే బండి నిలుస్తుంది. మేము ఉద్యోగంలో చేరినప్పటి వాక్యూమ్ బ్రేకుదీ అదే బుద్ధి, కాకపోతే పైపులోంచి గాలి తీసేసి ఉంచుతారు. బయటి గాలి దూరిందంటే చక్రాలు పట్టేసుకుంటాయి. గార్డు పెట్టెలో గేజీ ముల్లు పడిపోతే ఎక్కడో గొట్టం ఊడిందని అర్థం.

ఈ బుద్ధి అందరికీ తొందరగా రాలేదు. 1889 జూన్ 12న ఐర్లాండ్‌లోని ఆర్మా ఊరి నుంచి పిల్లలతో నిండిన విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక నిలిచిపోయింది. ముందు పెట్టెలను తీసుకుపోయి తర్వాత వద్దామని రైలును రెండుగా విడదీశారు. దానికి ఉన్నది పాత రకం వాక్యూమ్ బ్రేకు, విడదీయగానే వెనక పెట్టెలకు బ్రేకు లేకుండా పోయింది. చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు ఆపలేకపోయాయి. పెట్టెలు వెనక్కి దొర్లి, వెనక వస్తున్న రైలును ఢీకొన్నాయి. దాదాపు 80 మంది పోయారు, వారిలో ఎంతోమంది పిల్లలు. ఆ ఏడాదే ప్యాసింజరు రైళ్లకు తానే పడే బ్రేకు ఉండాలని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది.

ఇంత జరిగాక కూడా కారు పాత దారినే పట్టింది. మాల్కం లాక్‌హీడ్ ద్రవంతో పనిచేసే బ్రేకును 1910ల చివర్లో తయారుచేశాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు, 1924లో క్రైస్లర్ కారు నాలుగు చక్రాలకూ అలాంటి బ్రేకులు పెట్టుకున్నాయి. హెన్రీ ఫోర్డ్ మాత్రం కడ్డీలనూ తీగలనూ వదలక, 1939 మోడల్‌కు గానీ ఒప్పుకోలేదు. ముసలాయన మొండితనమని నవ్వేవాళ్లం. ఆ గేటు దగ్గర హ్యాండ్ బ్రేకు తీగ మమ్మల్ని కాపాడాక నవ్వు రావడంలేదు. కొసమాట ఒకటి: తొలి రోజుల బ్రేకు ద్రవంలో ఆల్కహాలుతో కలిపింది ఆముదం! మా అవ్వ తలకు రాసినదే.

ఒకచోట కారితే నాలుగు చక్రాలూ పోకుండా మాస్టర్ సిలిండర్‌ను రెండు భాగాలు చేసే పద్ధతి అమెరికాలో 1960లలో సాధారణమైంది. మా బండి అంతకు ముందరి పద్ధతిది, ఒకటే గది.

మా మేనల్లుడు "ఆయిలు పోస్తే చాలు మామా" అన్నాడు. చాలదు. ఎడమ వెనక చక్రం లోపలంతా తడి. వీల్ సిలిండర్ రబ్బరు అరిగింది. మెకానిక్ ఇంటికొచ్చి రబ్బర్ కిట్టు మార్చి, తడిసిన లైనింగులు తీసి కొత్తవి వేశాడు. తర్వాత గాలి తీయడం మా వంతు. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. అందుకే పైపులో బుడగ ఉంటే పెడల్ మెత్తగా దిగుతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, చివర కుడి ముందు. నిప్పల్‌కు సన్న గొట్టం తగిలించి, రెండో కొనను కొంచెం ద్రవమున్న గాజుసీసాలో ముంచాము. ఇంటావిడ పెడల్ మీద.

"తొక్కు, తొక్కు, తొక్కు. పట్టుకో!" అంటే నిప్పల్ వదులు చేస్తాము, బుడగలు గుడగుడ వస్తాయి. బిగించాక "వదులు". బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆవిడ రెండుసార్లు తీసింది, మేము ఒకసారి అరిచాము, రెండోసారి అరవలేదు. పైన డబ్బాలో ద్రవం అడుగంటకుండా చూసుకోవాలి, లేకుంటే మొదటికొస్తుంది. సీసాలోది తిరిగి పోయకూడదు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. ఇంజన్ ఆయిలు పోస్తే రబ్బర్లు ఉబ్బి చెడతాయి.

గంటన్నర పట్టింది. పెడల్ సగంలోనే రాయిలా నిలిచింది. ముందు పెరట్లో, తర్వాత ఖాళీ వీధిలో మెల్లగా తొక్కి చూశాము. మరుసటి ఆదివారం అదే గేటు దగ్గర ఆగాము. గూడ్సు పోతూ ఉంటే ఇంటావిడ పెట్టెల మధ్య వేలాడే గొట్టాలను లెక్కపెట్టింది, ఇరవై దాటాక వదిలేసింది.