ఇంటిలోని వైర్‌లెస్‌కు లెక్క ఎవరిది?

ఒక ఇంట రేడియో ఉన్నదన్న సంగతి ఒకప్పుడు ఇరుగుపొరుగులకే గాక ప్రభుత్వమునకును తెలిసియుండవలెను. 1933లో చేయబడిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము లైసెన్సు లేనిదే వైర్‌లెస్ పరికరమును దగ్గర ఉంచుకొనుటయే నేరమని నిర్ణయించినది.

ఆ కాలమున శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల వారికి 1938లో వెలసిన మదరాసు కేంద్రము, 1948లో వెలసిన విజయవాడ కేంద్రము దిక్కు. 1963 ఆగస్టు 4న విశాఖపట్టణ కేంద్రము పలుకనారంభించినది. ఏ కేంద్రము విన్నను గృహస్థు తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకము తెచ్చుకొని, ఏటేట దానిని పునరుద్ధరించుకొనవలసినదే. 1980వ దశాబ్ది మధ్యభాగమున ఈ లైసెన్సులు రద్దయినవి. శ్రోతలకు భారము తగ్గినది.

రేడియోలో పనిచేయు మాకు ఈ పాత కథ నేటి వైఫైని చూచినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును. వైఫై రౌటరు మాటలాడునదియు రేడియో తరంగములతోనే. 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోని అల్పశక్తి పరికరములను కేంద్ర ప్రభుత్వము లైసెన్సునుండి మినహాయించినది. అందువలననే మనము ఎవరి అనుమతియు లేక రౌటరును ఇంట నిలుపుకొనగలుగుచున్నాము. అయితే ప్రభుత్వము విడిచిన లెక్కను ఎవరు పట్టవలెను? గృహస్థే పట్టవలెను.

ఇందుకు వేరే పుస్తకము అక్కరలేదు. రౌటరు తన పద్దును తానే వ్రాసుకొనును. తనతో కలిసిన ప్రతి పరికరమును 48 బిట్ల చిరునామాతో గుర్తించును. రౌటరు పేజీని గాని, దాని యాప్‌ను గాని తెరచినచో ఆ జాబితా కనబడును. ఇంటిలోని ఫోనులు, టీవీ, కెమెరా లెక్కించి దానితో సరిచూడవలెను. ఇటీవలి ఫోనులు గోప్యతకై మారు చిరునామా చూపుట కద్దు. కనుక తెలియని పేరు కనబడినంతనే దొంగ అనరాదు. మన పరికరములను ఒక్కొక్కటిగా ఆపి చూడవలెను. అన్నియు ఆపిన పిమ్మటను మిగిలినదే పరాయిది.

డేటా వాడకము కూడ ఇట్లే. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున వచ్చు రేడియో ప్రసారమును గంటసేపు విన్నచో సుమారు 29 మెగాబైట్లు మాత్రమే ఖర్చగును; అదే గంట స్పష్టమైన వీడియోకు గిగాబైట్లే కావలెను. అనేక రౌటర్లు ఆపి వేసినప్పుడు తమ లెక్కను మరచిపోవును గనుక, కంపెనీ ఖాతాలోని అంకెతో పోల్చుకొనుట అవసరము.

ఇది కేవలము డబ్బు ప్రశ్న కాదు. బయటి ప్రపంచమునకు ఇంటిలోని పరికరములన్నియు ఒక్క చందాదారుని కనెక్షనుగానే కనబడును. గోడ దాటి వచ్చిన అపరిచితుడు చేసిన అపచారమునకు మొదట సమాధానము చెప్పవలసినవాడు గృహస్థే. పరాయి పరికరము కనబడిన నాడే పాస్‌వర్డు మార్చి, డబ్ల్యూపీఏ2 గాని డబ్ల్యూపీఏ3 గాని రక్షణ పెట్టుకొనవలెను.

నాడు తపాలావారి పుస్తకములో ఇంటికి ఒక్క యంత్రము. నేడు ఇంటింట పది యంత్రములు. పుస్తకము మన గోడకే తగిలియున్నది. నెలనెలా కరెంటు బిల్లు చూచుకొను దినముననే దానిని కూడ ఒకమారు తెరచి చూచుట మేలు.