ఎక్కు త్రోవ, దిగు త్రోవ: క్రేను నడుపువారి రక్షణ చరిత్ర

అభిమన్యుడు పద్మవ్యూహము చొచ్చుట నేర్చెను గాని వెలుపలికి వచ్చుట నేర్వలేదని మనము చిన్ననాటి నుండి వినుచున్నాము. ఎత్తున కట్టిన క్రేను గదిలో కూర్చుండి పనిచేయు మనిషి చరిత్రయు కొంతవరకు అట్టిదే. పైకి పోవుటకు అతనికి నిచ్చెన ఉన్నది. పోయిన తరువాత క్రింద మంట లేచినను, పైన గుండెనొప్పి వచ్చినను, యంత్రమే ఒరిగినను అతడు నేలకు ఎట్లు చేరునను ప్రశ్న మాత్రము, యంత్రము ఎంత బరువెత్తునను ప్రశ్నకు ఎప్పుడును వెనుకనే నడచినది.

పండుగ సంచికలో ఈ ప్రస్తావన ఏలయని కొందరు అడుగవచ్చును. కాట్పాడి, వేలూరు, గుడియాత్తం ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో రైల్వే కొలువువారున్నారు. రాణిపేట కర్మాగారములకు, చెన్నై రేవునకు పోవువారున్నారు. మన బంధువుల పిల్లలు విశాఖపట్టణమునందును, గల్ఫు దేశములందును, సింగపూరునందును కట్టుబడి పనులలో, రేవు పనులలో బ్రతుకుచున్నారు. ఇంటికి డబ్బు వచ్చినదా లేదా యని అడుగుదుము గాని, నీవు పనిచేయు చోటు ఎట్టిదియని అడుగుట తక్కువ. కావున ఇది మన ఇంటి విషయమే.

బరువెత్తు యంత్రము మనకు క్రొత్త కాదు. 1911లో చిత్తూరు జిల్లా విడివడక పూర్వము ఒకటిగా ఉండిన ఉత్తర ఆర్కాటు సీమలో ఏతాము లేని పల్లె అరుదు. ఒకరిద్దరు మనుష్యులు ఏతపు మ్రానుపై ముందుకు నడచిన బాన బావిలోనికి దిగును. వెనుకకు నడచిన నీటితో పైకి వచ్చును. చేతికి ఆసరాగా ప్రక్కన వెదురు గడలు కట్టుదురు. జారి పడినవారు లేకపోలేదు. అయినను అందొక మేలున్నది: పనిచేయు త్రోవయు, దిగు త్రోవయు ఒక్కటే. ఏ క్షణమున వలదనుకొన్నను ఆ మ్రాను మీదనే నాలుగు అడుగులు వేసి నేల త్రొక్కవచ్చును.

పడమటి దేశములలో పూర్వము పెద్ద కొయ్య చక్రముల లోపల మనుష్యులు నడచి బరువులెత్తెడివారు. బాల్టిక్ సముద్రతీరమున గ్దాన్‌స్క్ రేవులో పదునైదవ శతాబ్దమున నిలిపిన అట్టి క్రేను ప్రసిద్ధము. బరువు జారినచో చక్రము వెనుకకు గిరగిర తిరిగి లోపలివారి ఎముకలు విరుగుట కలదు. 1846లో ఇంగ్లండునందు న్యూకాసిల్ రేవులో ఆర్మ్‌స్ట్రాంగ్ అను నతడు నీటి ఒత్తిడితో పనిచేయు క్రేనును నిలిపెను. దానిని నడుపువానికి చక్రములో నడచు బాధ తప్పినది. మీటలు త్రిప్పిన చాలును.

ఆ తరువాత ఆవిరి క్రేను పట్టాలెక్కినది. రైలు ప్రమాదము జరిగినప్పుడు పడిపోయిన పెట్టెలను, ఇంజనులను లేవనెత్తుటకు రిలీఫు ట్రైనుతో పోవు క్రేనును మనలో చాలమంది చూచియే ఉందురు. ఒకప్పుడు ఇంగ్లండులోని కార్లైల్ పట్టణమున కవన్స్ షెల్డన్ కంపెనీవారు చేసిన క్రేనులు మన రైల్వేలకు వచ్చెడివి. తరువాతి కాలమున బీహారులోని జమాల్‌పూర్ వర్కుషాపులోనే 140 టన్నుల క్రేనులు తయారైనవి. ఈ క్రేనునకు ముఖ్యమైన గండము ఒరిగిపోవుట. అందుచేతనే ఎత్తుటకు ముందు ఇరుప్రక్కల ఇనుప కాళ్ళు చాపి, వాని క్రింద గట్టి కొయ్యదిమ్మలు పేర్చుదురు. అయినను డ్రైవరు నిలుచు చోటు నేలకు దూరము కాదు. ఆపద కనబడినచో ఒక్క గెంతులో నేల మీద నుండును. రైలు క్రేను చూచి అలవాటుపడిన కంటికి క్రేను డ్రైవరు ఎత్తున చిక్కుకొనుట అనునది వెంటనే తోచదు.

కాని క్రేనులు నేలను విడిచి ఎత్తునకు పోయినవి. 1907లో స్కాట్లండునందు క్లైడ్‌బ్యాంక్ ఓడల కర్మాగారమున కట్టిన టైటాన్ క్రేను ఎత్తు 150 అడుగులు. విద్యుచ్ఛక్తితో పనిచేయుచు 150 టన్నులను ఎత్తినది. 1949లో జర్మనీ దేశీయుడు హాన్స్ లీబ్‌హెర్, యుద్ధమున కూలిన ఇండ్లను తిరిగి కట్టుటకు, విడదీసి తీసికొనిపోదగిన టవరు క్రేనును నిర్మించెను. నేడు ప్రతి పట్టణమునను మేడలపై కనబడునవి దాని సంతతియే. నేల నుండి గెంతుదూరములో నుండిన మనిషి వందల అడుగుల పైకి పోయెను. దిగు త్రోవ మాత్రము అనేక చోట్ల స్తంభము లోపలి ఇనుప నిచ్చెన ఒక్కటియే అయినది.

ఇక మన తెలుగునాటికి వత్తము. విశాఖపట్టణపు రేవులోనికి 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ మొదటి ఓడగా ప్రవేశించెను. ఆ కంపెనీవారే అక్కడ ఓడల కర్మాగారము తలపెట్టగా, 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన గావించిరి. 1948 మార్చి 14న పండిత నెహ్రూ ‘జల ఉష’ను నీటిలోనికి విడిచిరి. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పడినది. 2010లో అది రక్షణ శాఖ క్రిందికి వచ్చినది. అందు కొలువు దొరుకుట ఆ ప్రాంతపు కుటుంబములకు గౌరవము.

ఆ షిప్‌యార్డులోనే 2020 ఆగస్టు 1న, కరోనా దినములలో, 70 టన్నుల జెట్టీ క్రేనునకు బరువు పరీక్ష జరుగుచుండగా అది కూలిపోయినది. పదునొకండుగురు మరణించిరి. వారిలో నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు సంస్థల మనుష్యులు. క్రేను ఒరిగి నేలకూలు దృశ్యమును దేశమంతయు టెలివిజనులో చూచినది. దిగుటకు గాని, దూకుటకు గాని వ్యవధి లేదు. ఒక్కొక్క కుటుంబమునకు 50 లక్షల రూపాయల పరిహారము ప్రకటించిరి. డబ్బు ఇంటికి వచ్చును, మనిషి రాడు.

ఈ సంఘటన నేర్పు పాఠమును జాగ్రత్తగా గ్రహింపవలెను. యంత్రమే కొద్ది క్షణములలో కూలునప్పుడు ఏ త్రాడును, ఏ నిచ్చెనయు మనిషిని దింపలేదు. అట్టి సమయమున అతనిని కాపాడునది ఒక్కటియే: అతడు దానిపై లేకుండుట. క్రొత్త క్రేనునకు పరీక్ష జరుపునపుడు, అది మోయవలసిన దానికంటె ఎక్కువ బరువును కావలెనని తగిలింతురు. కదలక నిలిపి చూచు పరీక్షలో నూటికి నూట ఇరువదియైదు, కదిలించి చూచు పరీక్షలో నూటికి నూటపది వంతుల బరువు సాధారణ నియమము. అనగా క్రేను జీవితమున అన్నిటికంటె గండమైన దినము పరీక్ష దినమే. ఆ దినమున క్రేనుపై ఎవరుండవలెనో లెక్క వ్రాసికొని, ఆ లెక్కకు మించిన ఒక్క మనిషినైనను పైనను, క్రేను పడగలిగినంత దూరములోను ఉంచరాదు. నేల మీదనుండియే నడుపు ఉపాయములు ఇప్పుడున్నవి. వీలున్నచోట గది ఖాళీగా నుంచియే పరీక్ష జరుపుట మేలు.

చట్టములు ఏమి చెప్పినవి? జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1929లోను, మరల సవరించి 1932లోను రేవు కూలీల రక్షణకై ఒడంబడిక చేసినది. దాని ననుసరించి మన దేశమున 1934లో రేవు కూలీల చట్టము పుట్టినది. అది అమలులోనికి వచ్చుటకు 1948 వరకు పట్టినది. ఆ 1948లోనే వచ్చిన ఫ్యాక్టరీల చట్టపు 29వ సెక్షను ప్రతి క్రేనును ఏడాదికొక పర్యాయమైనను అర్హుడైనవాడు పరీక్షింపవలెననియు, మోయదగిన బరువు దానిపై స్పష్టముగ వ్రాయవలెననియు శాసించినది. క్రేను నడచు పట్టాల మీద మనిషి పనిచేయుచున్నచో, క్రేను అతనికి 20 అడుగుల లోపలికి రాకుండ చూడవలెననియు చెప్పినది. ఇవన్నియు మేలైన మాటలే. వీనిని చదివిన మనకు ఒకటి కనబడును: త్రాడు, గొలుసు, బరువు, క్రింద నున్న మనిషి - వీరిని గూర్చి వివరముగ చెప్పిరి, గదిలో నున్న మనిషి ఆపదలో నేల చేరుటను గూర్చి ఈ సెక్షనులో అంత వివరముగ చెప్పలేదు.

యంత్రము నిలిచియే యుండి ఆపద మరొక విధముగ వచ్చినపుడు దిగు త్రోవ యొక్క విలువ తెలియును. 2013 డిసెంబరు 17న కెనడా దేశమున కింగ్‌స్టన్ పట్టణములో కొయ్యతో కట్టుచున్న మేడ ఒకటి అంటుకొనెను. దాని నడుమ నిలిచిన టవరు క్రేనులో డ్రైవరు చిక్కుకొనెను. నిచ్చెన నేరుగా మంటలోనికే దిగుచున్నది. వేరొక త్రోవ లేదు. అతడు గది విడిచి, క్రేను చేయి మీదుగా ప్రాకుచు మంటకు దూరముగ కొసకు చేరెను. ట్రెంటన్ వైమానిక స్థావరము నుండి వచ్చిన సైనిక హెలికాప్టరు నుండి ఒక మనిషి త్రాటిపై దిగి అతనిని ఎత్తుకొనిపోయెను. దగ్గరలో సైనిక హెలికాప్టరు ఉండుట అతని అదృష్టము. మన పిల్లలు పనిచేయు ప్రతి చోటను అట్టి అదృష్టముండునా?

2023 జూలై 26న న్యూయార్క్ నగరమున మరొక టవరు క్రేనులో ఇంజను అంటుకొనెను. డ్రైవరు మొదట మంట నార్ప జూచెను. లాభము లేకపోగా ఆలసింపక దిగిపోయెను. తరువాత క్రేను చేయి విరిగి, ఎదుటి మేడకు తగిలి వీధిలో పడినది. కొందరికి దెబ్బలు తగిలినను ఒక్క ప్రాణము పోలేదు. రెండు చోట్లను అగ్నియే. ఒకచోట నిచ్చెన మూసికొనిపోయినది. రెండవచోట తెరచి యున్నది, మనిషి సకాలమున దానిని వాడుకొన్నాడు.

నేడు దీనికి ఉపాయములు లేకపోలేదు. గదిలోనే ఒక సంచిలో పొడవైన త్రాడును, తనంతట తానే వేగమును అదుపుచేయు కప్పీని ఉంచుదురు. నడుమునకు, తొడలకు పట్టీలు కట్టుకొని కొక్కెము తగిలించినచో మనిషి సమవేగముతో నేలకు దిగును. గట్టి కొక్కెపు స్థానము, మేడ ఎత్తునకు చాలు త్రాడు, ముందుగా నేర్చిన చేతులు - ఈ మూడును ఉండవలెను. మేడ పెరుగుకొలది క్రేను పెరుగును. త్రాడు మాత్రము పాతదే యుండిన ప్రయోజనమేమి?

డ్రైవరు స్పృహ తప్పినచో తానై దిగలేడు. వేసవి ఎండలో ఇనుప గదిలో వడదెబ్బ తగులుట ఆశ్చర్యము కాదు. అప్పుడు పైకి పోయి అతనిని పడకకు కట్టి త్రాళ్ళతో దింపగల ఇద్దరు ముగ్గురు ఆ పనిచోటనే ఉండవలెను. అగ్నిమాపక దళము వచ్చుట సరే. వారి నిచ్చెన అన్ని ఎత్తులకును అందదు. మరియొక సంగతి: పడిపోవుచు పట్టీలలో వ్రేలాడుచున్నవాడు క్షేమముగ నున్నాడని తలచి తాపీగ నుండరాదు. కదలక వ్రేలాడు మనిషికి కాళ్ళలో రక్తము నిలిచి కొద్ది నిమిషములలోనే ప్రాణము మీదికి రావచ్చును.

రైల్వేవారికి ముఖ్యమైనది విద్యుత్తీగ. పట్టాల పైని తీగలో 25,000 వోల్టులు ప్రవహించును. అందుచేత దాని క్రింద క్రేను చేయి ఎత్తుటకు ముందు కరెంటు నిలిపి, తీగను భూమికి కలుపవలెను. రోడ్డు ప్రక్కన పనిచేయు క్రేను ఏదైన తీగకు తగిలినచో డ్రైవరు తొందరపడి దిగరాదు. కరెంటు నిలిపిరని రూఢిగా తెలియువరకు గదిలోనే కదలక కూర్చుండుట క్షేమము. మంట లేచి దిగక తప్పనిచో, ఒక కాలు క్రేనుపై, ఒక కాలు నేలపై పడనీయక, ఏమియు పట్టుకొనక, రెండు కాళ్ళును చేర్చి దూరముగ గెంతవలెను. పిమ్మట పాదములు జోడించియే చిన్న చిన్న గెంతులతో దూరము పోవలెను. చూచువారు సాయమునకై క్రేనును తాకరాదు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లు, ఆపద వచ్చిన పిమ్మట దిగు త్రోవ వెదకుట వ్యర్థము. క్రేను నిలిపిన దినముననే అది ఎంత మోయునను లెక్కతో పాటు, దానిపై మనిషి ఎన్ని త్రోవల దిగగలడను లెక్కయు వ్రాసి యుంచవలెను. పూర్వము ఏతాముపై నడచిన రైతునకు సహజముగ నుండిన ఆ హక్కు నేటి క్రేను డ్రైవరునకు ఉండకపోవుట న్యాయము కాదు.

కావున సోదర సోదరీమణులారా, దూరదేశమున క్రేనులపై పనిచేయు కొడుకు, తమ్ముడు, అల్లుడు ఈ పండుగకు ఫోను చేసినపుడు, పచ్చడి రుచితో పాటు మూడు ప్రశ్నలు అడుగుడు: నిచ్చెన మూసికొనిపోయిన నీకు రెండవ త్రోవ ఏది? దానిని ఒక్కసారియైనను దిగి చూచితివా? నీవు స్పృహ తప్పిన పైకి వచ్చువాడెవడు? అతడు జవాబు చెప్పలేకపోయినచో మరునాడు మేస్త్రీనో, ఇంజనీరునో అడుగును. అడుగుట పిరికితనము కాదు. మన సంఘమువారును ఏడాదికొక పర్యాయము అగ్నిమాపక శాఖవారిని పిలిపించి, ఎత్తు నుండి మనిషిని దింపు విధము మన యువకులకు చూపించిన మంచిది.

ఈ నూతన సంవత్సరమున పైకి ఎక్కిన ప్రతి బిడ్డయు సాయంకాలమునకు క్షేమముగ నేలకు దిగి ఇల్లు చేరుగాక.