చప్పుడే చూపు

వేసవి రాగానే కొత్తకుండ కొనడానికి బజారుకు వెళతాం కదా! కుండను ఒక చేత్తో ఎత్తి, రెండో చేతి వేలి కణుపుతో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. కంటికి దొరకనిది చెవికి దొరికిందన్నమాట. ఈ యుక్తికి దగ్గరి చుట్టం ఇంకొకటుంది: శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినడం. దాని కథే ఈవేళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

1912లో టైటానిక్ ఓడ మంచుకొండను గుద్దుకుని మునిగిపోయింది. పదిహేను వందలమందికి పైగా చనిపోయారు. నీళ్ళలో ఉన్నదాన్ని ముందే పసిగట్టే ఉపాయం కోసం శాస్త్రజ్ఞులు వెతకసాగారు. అంతలో 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీ జలాంతర్గాములు అడుగునుంచే ఓడలను ముంచేస్తుంటే, ఫ్రాన్సులో పాల్ లాంజెవాన్ అనే శాస్త్రవేత్త, చిలోవ్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరుతో కలిసి 1915లో పనికి పూనుకున్నాడు.

లాంజెవాన్ గురువు ఎవరనుకున్నారు? మేరీ క్యూరీ భర్త పియర్ క్యూరీ! స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని ఆయనా, అన్నగారూ 1880లోనే కనిపెట్టారు. అదే స్ఫటికానికి విద్యుత్తు పెడితే అది కంపిస్తుంది. అంటే ఒక్క స్ఫటికమే నోరూ, చెవీ కూడా! లాంజెవాన్ దానితో మన చెవికి అందనంత సన్నని శబ్దాన్ని నీళ్ళలోకి పంపాడు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని రెండు సెకన్లకు వస్తే, పోనూ రానూ కలిపి గనక, వస్తువు 1500 మీటర్ల దూరాన ఉన్నట్టు. 1918లో ఆయన జలాంతర్గామి నుంచి ప్రతిధ్వని రాబట్టాడు. ఆ ఏడే యుద్ధమూ ముగిసింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇదే సోనార్ అనే పేరుతో నౌకలకు అక్కరకొచ్చింది.

ఆ తర్వాత కార్ఖానాల్లో ఉక్కులోని పగుళ్ళను పట్టడానికి శబ్దాన్ని వాడారు. అచ్చం మన కుండ పరీక్షే! స్కాట్లండులోని గ్లాస్గోలో ప్రసూతి వైద్యం బోధించే ఇయాన్ డొనాల్డ్‌కి, ఉక్కులో పగులు కనిపిస్తే కడుపులో గడ్డ ఎందుకు కనిపించదు అని తోచింది. 1955లో ఆపరేషన్లలో తీసిన గడ్డలను కార్లలో వేసుకుని ఒక బాయిలర్ల కార్ఖానాకు వెళ్ళాడు. పోల్చిచూడడానికి ఒక మాంసపు ముక్క కూడా పట్టుకెళ్ళాడట! గట్టి గడ్డకూ, నీటి గడ్డకూ ప్రతిధ్వని వేరువేరుగా వచ్చింది.

కొన్నాళ్ళకు, కడుపు ఉబ్బిపోయిన ఒకావిడ గురించి ఆయనకు కబురొచ్చింది. జీర్ణకోశపు కాన్సరు, ఇక లాభం లేదన్నారు డాక్టర్లు. డొనాల్డ్ యంత్రం పెట్టి చూస్తే అది అండాశయంలో పెరిగిన పెద్ద నీటి గడ్డ! ఆపరేషన్ చేసి తీసేశారు, ఆవిడ బతికింది. 1958లో డొనాల్డ్, మెక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌన్ కలిసి తమ పనిని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. గర్భిణులకు ఎక్స్‌రే తీస్తే పుట్టే పిల్లలకు కాన్సరు ముప్పు పెరుగుతోందని ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టరమ్మ అప్పటికే హెచ్చరించింది. శబ్దానికి ఆ కిరణాల బెడద లేదు.

అయితే ఒక్కమాట. మొన్న మా చెల్లెలు స్కానింగు చేయించుకుని వస్తే, ఇంట్లో పెద్దావిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏమన్నారే, మగపిల్లాడేనా?" అని. నవ్వి ఊరుకోవలసిన మాట కాదిది. ప్రాణం నిలపడానికి పుట్టిన సాధనంతో ఆడపిల్లల్ని కడుపులోనే వెతికి తుడిచేశాం. 1994లో చట్టం చేసి లింగ పరీక్షలను నిషేధించవలసి వచ్చింది. అయినా దేశంలో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే, 2001 నాటికి 927కి దిగిపోయారు.

కాబట్టి స్కానింగుకు వెళ్ళినప్పుడు అడగవలసినవి అడుగుదాం. బిడ్డ ఎదుగుదల సరిగా ఉందా? ఉమ్మనీరు చాలినంత ఉందా? మాయ ఎక్కడుంది? ఇవి తెలిస్తే తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడతారు. ఆ శబ్దం మనకు చెప్పవలసిన కబురు అదే.